వీపుమీది ఇసుక

రాముడి చొక్కా వీపుకి ఇసుక అంటుకుని ఉంది.

భావనపాడులో ఇసుక అంటని బట్ట ఉండదు, నిజమే. కాళ్లకు ఉంటుంది, మోకాళ్లకు ఉంటుంది, కూర్చుని వలలు బాగుచేసేవాడికి లుంగీ వెనకా ఉంటుంది. కానీ వీపుకెందుకుంటుంది? తెల్లవారకుండా లేచి వెళ్లే మగాడు ఎండెక్కాక వీపునిండా ఇసుకతో తిరిగొస్తే పెళ్లాం ఏమనుకోవాలి? మంచిగా అనుకోవడానికి బుల్లమ్మేమీ దేవత కాదు, చేపలమ్ముకునే మనిషి. మొప్ప ఎత్తి చూడందే చేపనైనా నమ్మదు.

"ఏటే, మొకం అలగుంది?" అంది పక్కింటి గున్నమ్మ.

ఆవిడకు చెబితే ఊరంతా తెలుస్తుందని తెలిసి కూడా బుల్లమ్మ చెప్పేసింది.

"ఎల్లకిలా పడుకుంటే గదే యీపుకి ఇసకంటేది! ఒక్కడే ఎందుకు పడుకుంటాడే, పిచ్చిదానా?" అని గున్నమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఆ మాట నిజమే. ఆ ఊళ్లో బతికున్నవాడెవడూ ఒడ్డున వెల్లకిలా పడుకోడు. సముద్రం బయటపడేసిన శవాలనే అక్కడ అలా పడుకోబెడతారు. పిల్లలు ఆటకు పడుకున్నా ఒక్కటిచ్చి లేపుతారు. కిందటేడు తుఫాను వెళ్లాక, నీళ్లు నెమ్మదించాయనుకుని వేటకు దిగిన పడవ కెరటాలు విరిగే చోట బోల్తాపడినప్పుడు, బుల్లమ్మ తమ్ముడు గంగుల్ని అలాగే పడుకోబెట్టారు. అదే పడవలో ఉన్న రాముడు మాత్రం బతికి బయటపడ్డాడు. కానీ మోకాళ్ల లోతు నీళ్లలో కాలు పెడితే చాలు, ఊపిరి గొంతులో బిగుసుకుపోయేది. అప్పటినుంచి ఒడ్డున కూర్చుని ఊరివాళ్ల వలలు బాగుచేస్తున్నాడు. తోటివాళ్లు వెటకారాలాడేవాళ్లు. బుల్లమ్మ నలుగురిలో "నా కర్మ" అని ముక్కు చీదేది గానీ, అతను మళ్లీ నీళ్లలో దిగకుండా చూడమని గంగమ్మ తల్లికి చాటుగా కోడిని మొక్కుకుంది. మొగుడి పరువు ఏమైపోతేనేం, మొగుడు ఇంట్లో ఉంటే ఆమెకు చాలు.

అలా కాపాడుకుంటున్నవాణ్ని ఏ మహాతల్లి ఇసుకలో పడుకోబెడుతోందో తేల్చుకోవాలని, మర్నాడు తెల్లవారుతుండగా అతని వెనకాలే వెళ్లింది. రాముడు సరుగుడు తోటలోకి మలుపు తిరిగాడు. బుల్లమ్మ కొంగు బిగించి, తిట్లన్నీ నోట్లో సిద్ధం చేసుకుని, కాసేపాగి తోటలో అడుగుపెట్టింది.

ఆడమనిషి జాడ లేదు. రాముడు ఇసుకలో వెల్లకిలా ఉన్నాడు. చేతులు చెరో పక్కా పడి ఉన్నాయి, అరచేతులు పైకి తెరుచుకుని ఉన్నాయి, కళ్లు మూసుకుని ఉన్నాయి. ముఖంలో కదలిక లేదు. అచ్చం గంగులే.

"ఓలమ్మో! నా మావ ఎలిపోనాడ్రోయ్!"

ఆ కేకకి వలల దగ్గరున్న మగాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. బుల్లమ్మ గుండెలు బాదుకుంటూ మొగుడి మీద పడింది. శవం ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"సావనేదే! ఊపిరి తీత్తన్నాను!"

పక్క చెట్టు చాటునుంచి బొజ్జ సర్దుకుంటూ లేచాడు ఉమాపతి. టెక్కలిలో వలలదారం, తాళ్లు అమ్మే షావుకారు. ఆయాసం మనిషి. ఉదయాన్నే స్కూటరు మీద వచ్చి సముద్రపు గాలిలో యోగా చేసుకుని పోతుంటాడు.

"భయపడకమ్మా, ఇది ఆసనం. శవాసనం అంటారు."

"శవమా!" బుల్లమ్మ గుప్పెడు ఇసుక తీసి ఆయన మీదికి విసిరింది. అయినా అనుమానం చావలేదు. ఈ షావుకారు మూరెడు దారం ఊరికే ఇవ్వడు, ఊపిరి ఊరికే నేర్పుతాడా? ఆ మాటే ముఖం మీద అడిగేసింది.

"నేను పిలవలేదు తల్లీ, అతనే వచ్చి అడిగాడు," అన్నాడు ఉమాపతి ఇసుక దులుపుకుంటూ. "ఒళ్లు బిగిస్తే ఊపిరి బిగుస్తుంది, ఊపిరి బిగిస్తే మనసు బెదురుతుంది. అందుకని ముందు ఒళ్లు వదలమన్నాను. ఊపిరి దానంతటదే దారిలో పడుతుందన్నాను. నాకు తెలిసింది అంతే."

జనం నవ్వుకుంటూ వెళ్లిపోయారు. బుల్లమ్మా నవ్వింది. ఎవత్తీ లేదు, అంతే చాలు. మొగుడితో ఇంటికి నడుస్తుంటే సగం దారిదాకా ఆ సంతోషం నిలిచింది. అక్కడ ఆమె కాళ్లు ఆగిపోయాయి. వల కుట్టుకునేవాడికి ఇంత ఊపిరి దేనికి?

"మావా, ఎందుకు నేర్సుకుంటన్నావు? నిజం సెప్పు."

రాముడు ఆమె వైపు చూడలేదు.

"రేపు లక్ష్ముడి పడవలో ఎల్తన్నాను."

"ఎవత్తైనా ఉంటే జుట్టట్టుకుని ఈడ్సీదాన్ని కదరా! సముద్రాన్నేటి సేసీది నాను?" బుల్లమ్మ ఆ దారిలోనే కూలబడి ఏడ్చింది.

"గంగులు సెయ్యి నా సేతిలోంచే జారిపోనాదే," అన్నాడు రాముడు మెల్లగా. "ఒడ్డున కూకుంటే రోజూ జారతానే ఉంటాది."

ఆమె లేచి కళ్లు తుడుచుకుంది. ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. తోయడానికి పడవకు భుజం ఆన్చాక మనిషిని వెనకనుంచి పిలవకూడదని ఊరి నమ్మకం. పిలిస్తే అతను వెనక్కి వచ్చేయాల్సిందే, ఆ పూట వేట లేదు. రేపు ఒక్క పిలుపు. ఎల్లుండి మరొకటి. అలాంటివాణ్ని ఎన్నాళ్లని పడవెక్కించుకుంటారో చూద్దాం.

తెల్లవారింది. పడవ నీళ్లవైపు జరుగుతోంది. మోకాళ్ల లోతుకి వచ్చేసరికి రాముడు ఆగిపోయాడు. భుజాలు చెవులదాకా లేచాయి. లక్ష్ముడు తలతిప్పి చూశాడు. ఇదే అదను. ఒడ్డున నిలబడ్డ బుల్లమ్మ పిలవడానికి గుండెలనిండా గాలి పీల్చింది.

అప్పుడు రాముడి భుజాలు కిందికి దిగాయి. పడవ అంచుని బిగించి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. సరుగుడు తోటలో ఇసుకమీద చూసిన వదులే అది. ఆ తోటలో చచ్చిపోయాడనుకుని ఏడ్చిన మనిషి, ఇక్కడ నీళ్లలో నెమ్మదిగా ఊపిరి వదులుతున్నాడు. విరిగిన కెరటం నడుముదాకా కొట్టింది. మళ్లీ పీల్చాడు. మళ్లీ వదిలాడు. ఎగిరి పడవలోకెక్కాడు.

బుల్లమ్మ పిలవలేకపోయింది. మొదటి కెరటానికి పడవ ముక్కు ఆకాశానికి లేచింది. రెండోదానికి ఎక్కడా కనబడలేదు. మళ్లీ కనబడింది. కెరటాలు దాటి, నున్నటి నీళ్లమీద పడి చిన్నదైపోతోంది.

గుండెల్లో మంట పుట్టాక గానీ, తను పీల్చిన గాలి ఇంకా వదల్లేదని ఆమెకు తెలియలేదు. ఇప్పుడు పిలిచినా అతనికి వినబడదు. అందుకే పిలిచింది.

"మావా!"