లోపలి గడియ

మూడింటికి రమ్మంటే బొత్తాలక్క రెండున్నరకే వచ్చి గేటు బయట నిలబడింది. చొక్కాల కార్ఖానాలో పన్నెండేళ్లుగా బొత్తాలు కుడుతున్నందుకు ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. చేతిసంచిలో స్టీలు డబ్బా, కొత్త తువ్వాలు, ఫోను ఉన్నాయి. ఫోనులో ఒక ఫొటో ఉంది. ఆ ఫొటో ఉందన్న ధైర్యంతోనే ఆమె ఇంతదూరం వచ్చింది.

ఇల్లు వదిలేసిన పిల్లలూ, అసలు ఇల్లే లేని పిల్లలూ ఉండే వసతిగృహం అది. పదహారేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల దాకా ఉంటారు. తన కూతురు ఎనిమిది నెలలుగా అక్కడే ఉంటోందని బొత్తాలక్కకు పది రోజుల కిందటే తెలిసింది. "మీరు రావడానికి ఒప్పుకుంది. కిందికి దిగుతుందో లేదో మాత్రం తన ఇష్టం," అని వార్డెన్ ఫోనులో ముందే చెప్పేసింది.

కింది హాలులో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన తీగ మీద నానా కొలతల బట్టలు. కూర్చున్న చోటి నుంచే, ఒక చొక్కాకు మూడో బొత్తాం వేరే రంగుదని ఆమె కంటపడింది. అది కుట్టిన చెయ్యి కొత్తది. దారం పైకి తేలి ఉంది.

ఎదుటి కుర్చీలో చేతికి కట్టు కట్టుకున్న ఒక పిల్ల కాళ్లు ఊపుతూ ఆమెనే చూస్తోంది.

"ఎవరి అమ్మ ఆంటీ మీరు?"

ఆమె నోరు తెరిచేలోపే, "ఎవరి అమ్మయినా పర్లేదు గానీ, ఆ డబ్బాలో ఏముంది?" అంది.

బొత్తాలక్కకు నవ్వొచ్చింది. "మా అమ్మాయి... పద్దెనిమిదేళ్లు. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంటుంది."

"ఓ, మా గడియమ్మా!"

"గడియమ్మేంటి?"

"పడుకునే ముందు గడియ వేసి మూడుసార్లు లాగి చూస్తుంది ఆంటీ. ఒకటి, రెండు, మూడు. ఏనుగొచ్చి తోసినా ఊడదే తల్లీ, పడుకోవే అంటే వినదు!"

బొత్తాలక్క నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇంట్లో ఉన్నప్పుడు కూతురు తల్లిని అడిగింది ఒక్కటే. "అమ్మా, నా గదికి లోపల గడియ పెట్టించు." ఎందుకని తల్లి అడగలేదు. మొదటి భర్త పోయిన ఆరేళ్లకు ఆమె చేసుకున్న మనిషి అప్పుడు పక్కగదిలో ఉన్నాడు. "సొంతింట్లో గడియేంటే? ఆయన వింటే ఏమనుకుంటాడు?" అని గొంతు తగ్గించి కసిరింది. రెండోసారి అడిగినప్పుడు పిల్ల కారణం కూడా చెప్పబోయింది. తల్లి చెప్పనివ్వకుండా చెంప మీద కొట్టింది. మూడోసారి పిల్ల అడగలేదు. కాలేజీ సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని వెళ్లిపోయింది.

వార్డెన్ మెట్లు దిగి వచ్చింది. "పైనే ఉందమ్మా. ఆలోచిస్తోంది."

"ఇది చూపించండి మేడం," అంటూ బొత్తాలక్క ఫోను అందించింది. కూతురి గది తలుపుకు లోపలివైపు మెరుస్తున్న కొత్త ఇత్తడి గడియ. "పెట్టించానని చెప్పండి. ఇంక భయం లేదనండి."

వార్డెన్ పైకి వెళ్లి, కాసేపటికే తిరిగొచ్చింది.

"ఎవరు బిగించారని అడుగుతోంది."

"ఆయనేనండి. పూట పని మానుకుని మరీ, దగ్గరుండి నాలుగు మరలూ తనే..."

మాట అక్కడే తెగింది. నెల రోజులుగా ఆ గడియను తుడిచి చూసుకుని మురిసిపోయిన మనిషికి, ఆ మాట తన నోటి నుంచి తన చెవినే పడ్డాక గానీ అర్థం కాలేదు.

"వడ్రంగి బిగించాడనండి మేడం," అంది గబుక్కున.

వార్డెన్ కోప్పడలేదు. "చెప్పమంటే చెప్తానమ్మా. నమ్మి వచ్చిందంటే మాత్రం, ఆ గదిలో పడుకోవాల్సింది తనే."

బొత్తాలక్క చూపు తీగ మీది చొక్కాకున్న ఆ వేరే రంగు బొత్తాం మీద పడింది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుంది.

"వద్దు. ఆయనే బిగించాడని చెప్పండి. ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడని కూడా చెప్పండి."

వార్డెన్ మళ్లీ మెట్లెక్కింది. పైన ఏవో రెండు మాటలు వినిపించాయి. వార్డెన్ చెప్పుల చప్పుడు ఇటు తిరిగింది. తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు. పట్టపగలు.

వార్డెన్ ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

బొత్తాలక్క డబ్బా తీసి కట్టు పిల్ల ఒళ్లో పెట్టింది. "తిను తల్లీ. దానికి కూడా కాస్త ఉంచు."

"సగం ఉంచుతా ఆంటీ, ఒట్టు." ఆ పిల్ల ఒంటిచేత్తో మూత తీయలేక అవస్థ పడుతుంటే, బొత్తాలక్క వంగి తీసిపెట్టింది.

"పైన ఆ గడియ... ఎవరు బిగించారమ్మా?"

"గడియమ్మే. వచ్చిన మర్నాడే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుంది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"గట్టిదేనా?"

"చెప్పా కదా ఆంటీ, ఏనుగొచ్చినా!"

బొత్తాలక్క తలూపింది. చూడవచ్చినవాళ్లు అయిదింటి దాకా ఉండవచ్చని గోడ మీద రాసి ఉంది. ఇంకా మూడుంబావే అయింది. ఆమె కుర్చీని మెట్ల వైపు తిప్పుకుని కూర్చుంది.