మునిరత్నమ్మ పేరుతో వచ్చిన డబ్బు

సాయంత్రం రంగప్రియ శ్రీ సిటీలోని ఫ్యాక్టరీ నుంచి తిరుపతిలోని ఇంటికి రాగానే అన్న రామానుజ ఆమె ఫోను తీసుకునేవాడు. బ్యాంకు మెసేజ్‌లు ఒక్కొక్కటీ పైకి చదివేవాడు. "మళ్లీ డాక్టరా? ఏం రోగం?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆమె జీతం ఆమెదే, కానీ అందులో రహస్యం ఒక్కటీ మిగిలేది కాదు.

అందుకే, ఎవరి దగ్గర ఎంత ఉందో బయటివాళ్లకు కనపడని క్రిప్టో కాయిన్ ఒకటి ఉందని ఆఫీసులో తనతో పనిచేసే గిరిప్రసాద్ చెప్పినప్పుడు ఆమెకు ప్రాణం లేచివచ్చింది. లాప్‌టాప్‌లో అతనే అన్నీ నేర్పాడు. మధ్యలో కంపెనీ ఉండదు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఇద్దరూ కొంత కాయిన్ పూచీగా పెడతారు. రూపాయలు చేరాయని అమ్మినవాళ్లు నొక్కితేనే కాయిన్ అవతలికి వెళుతుంది. తగువొస్తే ఒక మధ్యవర్తి తీరుస్తాడు.

"ఈడ నిన్నెవురూ అడగరు ప్రియా. నువ్వూ ఎవురినీ అడగొద్దు," అన్నాడు గిరిప్రసాద్.

కాయిన్ దాచే వాలెట్ పోతే తిరిగి తెరిచే రహస్యపు మాటలను ఆమె బట్టీ పట్టింది. కాగితం దాచుకునే చోటు ఇంట్లో లేదు. చిన్నప్పటి నుంచి పాశురాలు వల్లెవేసిన నోరు గనక కష్టం కాలేదు. అన్నకు తెలియని సిమ్‌తో ఫ్యాక్టరీ దగ్గర కొత్త బ్యాంకు ఖాతా తెరిచింది. మొదట కొంచెం కొన్నది. తరువాత, గిరిప్రసాద్ చెప్పినట్టే, కాస్త ఎక్కువ ధరకు అమ్మకానికి పెట్టింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉండగా డబ్బు పడింది. కొన్నవాడి పేరు సుందరరాజు. పంపిన ఖాతా పేరు మాత్రం మునిరత్నమ్మ. ఎవరని అడిగితే, "మా అత్త. తొందరగా నొక్కు," అని జవాబొచ్చింది.

"పేరు వేరే ఉండాది గదన్నా," అంది రంగప్రియ ఎదురుగా కూర్చున్న గిరిప్రసాద్‌తో.

"అత్తయితే ఏం, అవ్వయితే ఏం? దుడ్డు వచ్చింది గదా, నొక్కేయ్," అన్నాడు గిరిప్రసాద్ పెరుగన్నం కలుపుకుంటూ.

డబ్బు పంపిన యూపీఐ ఐడీలోనే ఫోన్ నంబరుంది. ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఎంతకో గాని ఎత్తలేదు.

"పంపించినాను సార్," అవతల ముసలి గొంతు వణికింది. "నా కొడుకుని జైల్లో ఏయొద్దు సార్. రేపు ఆవుల్ని అమ్మి మిగతాది పంపిస్తా."

"నేను పోలీసు కాదవ్వా. మీరు యాడ ఉండారు?"

"పలమనేరు పక్కన... ఎవురితోనూ మాట్లాడొద్దని సార్ సెప్పినాడు మ్మా." ఫోన్ కట్టయింది.

రంగప్రియ పరుగున లోపలికి వచ్చి చెప్పింది. గిరిప్రసాద్ అదిరిపడలేదు.

"నొక్కకపోతే నీ పూచీ పోతాది. సుందరరాజు మంచి గిరాకీ. నేనే వానికి శానాసార్లు అమ్మినా."

"అప్పుడు ఎవురి పేరుతో వచ్చేది?"

"రోజుకొక పేరు. అవన్నీ సూసుకుంటా కూసుంటే యాపారం యాడ జరుగుతాది?" అని వేళ్లకంటిన పెరుగు నాకాడు.

రంగప్రియ చేతులు కడుక్కునే చోటికి వెళ్లి వాంతి చేసుకుంది. నోరు పుక్కిలించి, అక్కడే నిలబడి సైబర్ పోలీసులకు ఫోన్ చేసింది. మధ్యవర్తికీ అంతా రాసి పంపింది.

పోలీసులు ఆమె ఖాతాను ఆపేశారు. సంగతి ఇంట్లో తెలిసి విచారణకు వెంట వచ్చిన రామానుజ, "మా ఇండ్లల్లో ఆడపిల్లలు ఇట్ల సేయరు సార్," అని తప్పంతా ఆమె మీదికి తోసి తలెత్తుకుని కూర్చున్నాడు. గిరిప్రసాద్ తనకేమీ తెలియదన్నాడు. సుందరరాజు అనేవాడు ఎవరో తేలలేదు. మధ్యవర్తి రంగప్రియ కాయిన్ ఆమెకు తిరిగి ఇప్పించాడు. కొన్ని నెలలకు మునిరత్నమ్మకూ తన డబ్బు తిరిగి అందింది.

డబ్బు అందినట్టు సంతకం పెట్టడానికి వచ్చిన మునిరత్నమ్మను, స్టేషన్ వరండాలో కానిస్టేబుల్ పేరు పెట్టి పిలవగా గుర్తుపట్టి, తన ఖాతా పనిమీద వచ్చిన రంగప్రియ దగ్గరికి వెళ్లింది.

"మీకు ఫోన్ చేసింది నేనే అవ్వా."

ముసలామె ముఖం విప్పారింది. రంగప్రియ చెయ్యి పట్టుకుంది. అంతలోనే సందేహం వచ్చింది. "నా దుడ్డు నీ దగ్గరికి ఎట్ల వచ్చె మ్మా?"

"నేనొకటి అమ్మినాను. కొన్నోడు మీ చేత డబ్బు పంపించినాడు. వాడెవరో నాకు తెలీదు."

"తెలీనోనికి ఎట్ల అమ్మితివి?"

మునిరత్నమ్మ మెల్లగా చెయ్యి వదిలి, కొంగుకు తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. అంతవరకూ గిరిప్రసాద్ మీదున్న రోత ఇప్పుడు రంగప్రియకు తన మీదే పుట్టింది.