ఊట సంగతి

నా నోరు మంచిది కాదని మా చుట్టాలందరిదీ ఒకటే మాట. పెళ్లి మాటలకు నన్ను పిలవరు, తగాదాలకు మాత్రం ముందు నాకే కబురు పెడతారు. అలాంటిది ఆ రోజు ఉదయం మా చెల్లెలు నా చేతులు పట్టుకుని బతిమాలింది.

"అక్కా, ఇవాళ గని గురించి పెట్టిన సభలో నువ్వేం మాట్లాడకు. మా ఆయన ఆ కంపెనీ మనిషి. సొంత వదినే ఎదురు తిరిగిందంటే ఆయన్ని పన్లో ఉంచుతారా?"

మా మరిది డ్రిల్లింగ్ యంత్రం నడుపుతాడు. అడవిలో గని తవ్వే ముందు కింద ఏముందో చూడాలట, అందుకు కొండవాలు పొడుగునా బోర్లు వేస్తారట. అందులో ఒకటి సరిగ్గా నా ఊట నెత్తిన పడుతోంది. ఆ ఊట నీళ్లు పైపులో దింపుకోబట్టే నా మొక్కల నర్సరీ బతుకుతోంది. ఊట పోతే నాకు మిగిలేది ఎండిన మట్టి సంచులే.

"నీ కాపురంలో నేను నిప్పులు పొయ్యనులేవే," అన్నాను.

హాల్లో ఫ్యాన్లకు గాలి తక్కువ, చప్పుడెక్కువ. గోడ మీద పటం, దాని నిండా బోర్ల గుర్తులుగా ఎర్రచుక్కలు. వాగులున్నాయి, దారులున్నాయి, నా ఊట లేదు. సర్వేవాళ్లు నడివేసవిలో వచ్చి వెళ్లారు. అప్పుడది రాళ్లను తడిపితేనే గొప్ప.

పర్యావరణ పరిశీలనకు వచ్చిన అధికారిణి మైకు సర్దుకుని ముందే చెప్పింది. "అభ్యంతరాలుంటే ఇవాళే చెప్పండి. ఇక్కడ రికార్డయినవే మేం చూస్తాం. తర్వాత వచ్చి చెప్తే లెక్కలోకి రావు."

ఒకాయన దుమ్ము గురించి అడిగాడు. ఒకావిడ బడి ముందునుంచి వెళ్లే లారీల గురించి అడిగింది. ఒక పెద్దాయన అడవి కన్నతల్లి అని చాలాసేపు చెప్పి, ఏమీ అడక్కుండానే కూర్చున్నాడు. చప్పట్లన్నీ ఆయనకే. నాకు ఒళ్లు మండింది.

మరిది కంపెనీ చొక్కాలో గోడవారగా నిలబడి మాటిమాటికీ నావైపే చూస్తున్నాడు. నేనెక్కడ నోరు విప్పుతానో అని భయపడుతున్నాడనుకున్నాను.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది అధికారిణి.

చెల్లెలు నా మోకాలి మీద చెయ్యి వేసింది. మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఆమె ఇంకోసారి అడిగి, మైకు ఆపేయమంది.

వరండాలో టీలు ఇస్తున్నారు. మరిది విసురుగా మా దగ్గరికొచ్చాడు.

"వదినా, ఊట సంగతి ఎత్తలేదేం?"

"నీ ఉద్యోగం కోసమే నాయనా. నోరు మూసుకోమని మీ ఆవిడే కాళ్లావేళ్లా పడింది."

"నేనన్నానా ఆ మాట?" చెల్లెలివైపు తిరిగాడు. "ఆ చోటు చూశాక బోరు పక్కకి జరుపుదామని మా సూపర్‌వైజర్‌తో అన్నా. నీ ఒక్కడి మాట మీద జరపలేం, సభలో ఎవరైనా ఎత్తితే జరపక తప్పదు అన్నాడాయన. వదిన ఉంది కదా, కడిగేస్తుందని ధీమాగా ఉన్నా."

"నాతో ఒక్క ముక్క అనకపోయావా?" అంది చెల్లెలు.

"మీ అక్కకి ఒకరు చెప్పాలా అనుకున్నానే."

కప్పు పక్కనపెట్టి లోపలికి పరుగెత్తాను. అధికారిణి సంచి భుజాన వేసుకుంటోంది.

"మేడం, ఒక్క మాట. పటంలో ఆ చివరి ఎర్రచుక్క కింద నీళ్లున్నాయి."

"రికార్డు ముగించేశామమ్మా. ఇందాక అడిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. రెండో వరుసలో."

ఆమె జాలిగానే చూసింది. జాలిగానే వెళ్లిపోయింది.

నేను రెండో వరుసలో అదే కుర్చీలో కూర్చున్నాను. ఊట ఎక్కడుందో, ఏ రాతి కిందనుంచి వస్తుందో, ఎండల్లో ఎలా సన్నగిల్లుతుందో, తొలి వానలకు ఎలా తేరుకుంటుందో ఖాళీ హాలుకి మొత్తం చెప్పాను. అంత మర్యాదగా నా జన్మలో మాట్లాడలేదు. నా వెనక చెల్లెలు ఏడుస్తోంది.

కుర్చీలు సర్దే మనిషి ఓపిగ్గా నిలబడ్డాడు.

"అయిపోయిందామ్మా? ఆ కుర్చీ కూడా తీసేయాలి."

లేచి ఇచ్చేశాను.