పొడి బియ్యం

"సేటు నిన్ను రమ్మంటుండు బిడ్డా, జర జల్ది రా" అని తండ్రి హనుమండ్లు ఫోన్ చేస్తే, తండ్రికేమైందోనన్న భయంతో కోమల కరీంనగర్‌లో క్లాసు ఎగ్గొట్టి బస్సెక్కింది. సిరిసిల్లలో దిగి నేరుగా తండ్రి పనిచేసే మరమగ్గాల కార్ఖానకు నడిచింది.

లోపల సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. నడుమ నేల మీద సాంబయ్య కూర్చున్నాడు. ఏళ్ల తరబడి తండ్రి పక్క సాంచె నడుపుతున్న మనిషి. అతని ముందు పళ్లెంలో పసుపు బియ్యం.

"నూలు బస్తా పోయింది" అన్నాడు సుధాకర్ సేటు. "మంత్రించిన బియ్యం నమిలిపిస్తున్నం. తడిసొస్తే మంచోడు, పొడిగొస్తే దొంగ. గిది మీ యూనివర్సిటీ పుస్తకంల గూడ ఉన్నదట గద? సైకాలజీ, క్రిమినాలజీ రెండూ సదువుతున్నవ్. నువ్వు చూసి చెప్తే పోలీసులెందుకు?"

సేటు పక్కనే నిలబడ్డ తండ్రి ముఖంలో గర్వం చూసేసరికి కోమలకు ఒళ్లు మండింది. దసరా సెలవుల్లో, అబద్ధాన్ని పట్టే మిషన్ల పాఠంలో మన బియ్యం ముచ్చట కూడా ఉందని నవ్వుతూ తండ్రికి చెప్పిందామె. భయపడితే తప్పు చేయనివాడి నోరు కూడా ఎండుతుందన్న మాట ఆయన చెవికెక్కనే లేదు.

"నన్ను సోదె చెప్పెతందుకు సదివిపించినవా బాపూ?"

"నోరు జారకు. నలుగురున్నరు."

సాంబయ్య అరచేతిలోకి ఉమ్మాడు. పొడి నూక రాలింది. సేటు బామ్మర్ది చొక్కా చేతులు మడిచాడు.

"అను పిల్లా, నీ నోటితోని అను. దొంగేనా?" అన్నాడు సేటు.

"కాకా, పొద్దటిసంది నీళ్లు తాగినవా?"

"తాగనియ్యలే బిడ్డా."

కోమల పళ్లెంలోంచి పిడికెడు తీసి నోట్లో పోసుకుంది. సేటు కళ్లలోకి చూస్తూనే నమిలింది. కోపానికి నాలుక పిడచకట్టింది. అరచేతిలోకి ఉమ్మి, చెయ్యి చాపింది.

"నాది గూడ పొడే. నూలు నేనే ఎత్తుకపోయిన్నా? కట్టెయ్యుండ్రి మరి. ఏది, మీరు గూడ నమలుండ్రి సేటూ!"

"ఆడివిల్లకు గింత పొగరా! హనుమండ్లూ, నీ బిడ్డను తీస్కపో. లేకుంటే రేపటిసంది నువ్వు గూడ పనికి రాకు."

హనుమండ్లు ముందుకొచ్చాడు. రెక్క పట్టి లాగుతాడని కోమల పళ్లు బిగించింది. ఆయన పోయి సాంబయ్య పక్కన కూలబడ్డాడు. పళ్లెంలోంచి బియ్యం నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. అరచేయి తెరిచి సేటుకు చూపించాడు.

"నాది గూడ తడ్వలే సేటూ. పోలీసులనే పిలువుండ్రి."

బామ్మర్ది సేటు వైపు చూశాడు. కోమల నల్లా దగ్గరికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చి ముందు సాంబయ్యకు తాగించింది. మిగిలినవి తండ్రి చేతిలో పెట్టింది.

"తాగు. ఇంటికి పోయినంక నీ సంగతి చెప్త."