వీపు మూయని గిటారు

ఆగడం వాడికెప్పుడు తెలుసు గనక, ఊహ తెలిసినప్పటినుంచీ తెయోంగ్ తనంతట తాను ఆగింది లేదు, తిండి దగ్గరా అంతే, కోడిపందెం దగ్గరా అంతే, చేతికి ఉలి దొరికితే ఇక చెప్పక్కర్లేదు, చాలురా అని అక్క కేకేసేదాకా చెక్కుతూనే ఉంటాడు, అలాంటివాడు ఈ ఒక్కదాని దగ్గర ఎందుకు ఆగాడు, అనుకుంటూ బాసిలిసా ఒళ్లో గిటారును మళ్లీ బోర్లా తిప్పుకుంది, దానికి వీపు పలక ఇంకా అతకలేదు, కడుపంతా బయటికే, ముఖం పలకకు అడుగున అంటించిన సన్నటి బద్దలు విసనకర్ర పుల్లల్లా పరుచుకుని ఉన్నాయి, ఒక్కో బద్ద మీదా తమ్ముడి ఉలి గీతలు, ఎడమచేతివాటం వాడు కాబట్టి అన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి, మక్తాన్ దీవంతా గాలించినా ఇలా వాలే గీతలు ఇంకొకరివి దొరకవు, బద్దలు మాత్రం మందం, మరీ మందం, వేలి మెటికతో పలకను కొట్టి చూసింది, టక్కుమని అక్కడికక్కడే చచ్చింది మోత, ఇలాగే మూసేస్తే ఇది గిటారు కాదు, బియ్యం డబ్బా, రేపటినుంచి వానలంటున్నారు, తడిగాలిలో వీపు మూస్తే ఎండలు ముదిరాక చెక్క బీట తీస్తుంది, మూస్తే ఇవాళే మూయాలి, మూయాలంటే బద్దలు పలచబడాలి, పలచబడాలంటే ఆ గీతలు పోవాలి, వాడి చేతివి కంటికి కనబడేలా మిగిలిన ఆఖరి గీతలు, వాటిని తన చేత్తో తాను ఎలా చెక్కేస్తుంది, దేవుడా, దీనికంటే వేలు కోసుకోమన్నా కోసుకునేది.

తల మీదుగా విమానం దిగుతోంది, రేకుల కప్పు గడగడలాడింది, చేయి దానంతటదే పలక మీంచి లేచింది, విమానం పోయేదాకా వినకూడదు, వింటే చెవి మోసపోతుంది, నాన్న పెట్టిన కట్టుబాటు అది, కొడుక్కి చేతులిచ్చాను, కూతురికి చెవులిచ్చాను, ఇద్దరూ కలిస్తే ఒక్క మేస్త్రి, విడిపోతే ఇద్దరు దండగమారులు, అని నాన్న కొబ్బరికల్లు పట్టించినప్పుడల్లా వీధంతా వినబడేలా అరిచేవాడు, వీధంతా గిటార్ల వాళ్లే కాబట్టి అందరూ నవ్వేవాళ్లు, నిజమే మరి, ఆమె చేతికి ఉలి వస్తే చెక్క చీరుకుపోయేది, వాడి చెవికి మంచి మోతా చెడ్డ మోతా ఒకటే, అందుకని వాడు చెక్కేవాడు, ఆమె కొట్టి వినేది, ఇంకానా అక్కా, ఇంకొంచెం, ఇంకానా, అదిగో ఆ చివర, పిసరంత, ఇంకానా, చాలు, ఆ చాలు వినబడితేనే ఉలి కింద పెట్టేవాడు, పైగా దొంగ వెధవ, విమానం వచ్చి ఆమెకు ఏమీ వినబడని సమయం చూసి నాలుగు పొరలు ఎక్కువ లేపేసేవాడు, చంపేశావు కదరా చెక్కని అని మొట్టికాయ వేస్తే, ఇది చెట్టు కొట్టినప్పుడే చచ్చిందక్కా, మనం లేపుతున్నాం, అనేవాడు, ఎంత మాటకారి, అంత నోటినీ వారం తిరక్కుండా ఒక జ్వరం మూయించేసింది, జ్వరం వచ్చేనాటికి బాసిలిసా పక్క దీవి బొహోల్‌లో ఉంది, పిన్ని వాళ్ల ఊరి తిరనాళ్లకని పోయింది, సముద్రం బాగాలేక పడవ కదల్లేదు, వచ్చేసరికి తమ్ముడు మనుషుల్ని పోల్చుకోవడం మానేశాడు, ఒళ్లు కాలిపోతోంది, అక్కనిరా అంటే కప్పు వంక చూశాడు.

కింద చూపు పడింది, కాళ్ల దగ్గర పొట్టు, ఉంగరాలు చుట్టుకున్న సన్నటి చెక్కపొరలు, వాడు ఆఖరిసారి ఉలి పట్టిన సాయంత్రం రాల్చినవి, శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ చీపురు పట్టకూడదు, పడితే ఇంకొకర్ని ఊడ్చుకుపోతుందంటారు, అందుకని ఎవరూ పట్టలేదు, పాతిపెట్టి వచ్చాక ఇల్లంతా ఊడ్చారు గానీ ఈ మూలకు రానివ్వలేదు ఆమె, చీపురు తెచ్చిన పెద్దమ్మను ఆ చీపురుతోనే తరిమింది, రేపు నలభయ్యో రోజు, రేపటితో వాడి ఆత్మ ఇల్లు విడిచి పోతుంది, పోయేవాణ్ణి పొట్టు ఆపుతుందా, పిచ్చిదానా, అని తనను తాను తిట్టుకుంటుండగానే కొబ్బరిపాల వాసన వచ్చింది, గుమ్మంలో సెరియా, తమ్ముడి పెళ్లాం, రేపటి ప్రార్థనకు బియ్యం బెల్లంతో బికో వండుతూ గరిటెతోనే వచ్చేసింది, వదినా, ఇంకా అలాగే కూర్చున్నావా, పొద్దున్నే జనం వస్తారు, ఈ పొట్టులో ఎక్కడ కూర్చోబెట్టను, కూర్చోబెట్టకు, నిలబెట్టు, అంది బాసిలిసా, అబ్బ, నువ్వూ నీ తమ్ముడూ ఒక్క చెట్టు చెక్కే, అంది సెరియా, అని నవ్వబోయింది, నవ్వు రాలేదు పాపం, గరిట గౌను అంచున తుడుస్తూ, రేపు అది మోగాలి వదినా, అంది, పెళ్లిలో ఇస్తానన్నాడు, ఊరందరికీ చేశాడు, నా ఒక్కదానికే ఇన్నేళ్లు పట్టింది.

ఇలాగే గోడకు తగిలించుకో పిల్లా, వాడి చేతి గీతలు కనబడుతూ ఉంటాయి, అంది బాసిలిసా, గీతలు నేనేం చేసుకోను, మోగేదాన్ని ఇస్తానన్నాడు గానీ చూసుకునేదాన్ని ఇస్తానన్నాడా, పోనీ పక్క కొట్టు లూసియో మేస్త్రిని పిలువు, చెక్కి పెడతానన్నాడుగా, లూసియో చేయి పడనిస్తానా దీని మీద, నా తమ్ముడిది, నీ తమ్ముడు నాకేమీ కాడా వదినా, అంది సెరియా మెల్లగా, ఆ మాట సూదిలా దిగింది, దిగేసరికి బాసిలిసాకు ఒళ్లు మండింది, అయితే విను, వాడు దీన్ని పాడుచేశాడు, జ్వరం పట్టి చేతకాక సగంలో వదిలేశాడు, మొద్దులా వదిలేశాడు, సెరియా గరిట దించింది, చేతకాక కాదు, ఆ సాయంత్రం జ్వరమెక్కడిది, లక్షణంగా ఉన్నాడు, నేనే అన్నాను, నాదేగా, ఎలా ఉంటే ఏంలే, మూసెయ్యి, అని, అక్క రానీ, అన్నాడు, అని ఉలి తుడిచి అక్కడ పెట్టి కోడికి మేత వేయడానికి పోయాడు.

అక్క రానీ, అన్నాడా, ఎన్నడూ ఆగనివాడు, విమానం చాటున దొంగతనంగా చెక్కేవాడు, పెళ్లానిది అనేసరికి ఒక్క పొర కూడా ఎక్కువ పోకూడదని ఉలి తుడిచి పెట్టాడా, అయితే ఈ మందం చేతకానితనం కాదు, ఇన్నాళ్లూ తను ఏడ్చింది దీన్ని చూసే కదా, వాడు సగంలో పోయాడని, వాడు తన సగం చేసి పెట్టే పోయాడు, మిగిలింది అక్క సగం, ఒరేయ్ తెయోంగ్, ఒరేయ్ నా తండ్రీ, నేను వచ్చానురా, వచ్చేసరికి నువ్వు లేవు, కళ్లు తుడుచుకుంటే పొట్టు దుమ్ము కళ్లలో పడి ఇంకా మండాయి, చేయి పోయి ఉలి అందుకుంది, పిడి వాడి ఎడమ అరచేతికి అరిగి ఉంది, కుడిచేతిలో కుదరడం లేదు, కుదరకపోయినా పట్టుకుంది, మొదటి పొర లేచింది, వాలు గీత ఒకటి పోయింది, కొట్టింది, టక్కు, ఇంకొంచెం, అని తనకు తానే చెప్పుకుంది, రెండో బద్ద, మూడోది, చెక్క చీరలేదు, ఆమె పొరలు రాలి వాడి పొరల మీద పడుతున్నాయి, కాసేపటికి ఏవి ఎవరివో తెలియడం లేదు, కొట్టింది, ఈసారి మోత రెండడుగులు నడిచి ఆగింది, అదిగో ఆ చివర, పిసరంత, మళ్లీ విమానం, ఉలి ఎత్తి పట్టుకుని కూర్చుంది, వాడైతే ఇప్పుడు దొంగపొర లేపేవాడు, ఆమె లేపలేదు, విమానం పోయింది, ఆ పిసరు తీసింది, కొట్టింది.

గుమ్మంది, పలకంతా ఒక్కసారిగా, ఒళ్లో, పొట్టలో, పళ్లలో గుమ్మని చాలాసేపు ఉండి నెమ్మదిగా పోయింది, సెరియా గుమ్మంలోనే నోటికి చేయి అడ్డం పెట్టుకుంది, బాసిలిసా తల వంచి ఎదురుచూసింది, జవాబు నాలుక మీదే ఉంది, ఇన్నేళ్లూ అడిగాకే ఇచ్చిన జవాబు, పెరట్లో వాడి కోడి ఒక్క కూత కూసి ఊరుకుంది, పక్క కొట్టులో రంపం నడుస్తోంది, ఇంకానా అక్కా అని ఎవరూ అనలేదు, మళ్లీ కొట్టింది, మళ్లీ గుమ్మంది, ఎవరూ అనలేదు, వాడి శవపెట్టె మీద మూత బిగించినప్పుడు కూడా ఆమెకు ఇంతగా తెలియలేదు, వాడు లేడు, ఈ చెవులు ఉన్నన్నాళ్లూ ఉంటాయి, వాటిని అడిగేవాడు మాత్రం ఇక లేడు, ఉలి తుడిచి వాడు పెట్టిన చోటే పెట్టింది, జిగురు వేడి చెయ్యి సెరియా, అంది, ఆ తర్వాత గిటారు కడుపులోకి వంగి, చాలురా, అంది, ఎవరూ అడక్కుండానే.