అతికినట్టు

మ్యూజియం కీటకశాలలో ఆమె బల్ల మీద రెండు సీతాకోకచిలుకలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి సముద్రాల అవతలి గడ్డిమైదానాలది. అక్కడ దాన్ని తలెత్తి చూసేవారు కూడా ఉండరు, అంత సాధారణం. రెండవది ఏళ్ల కిందట ఊరి చివరి కొండ మీద పట్టినది. ఆ కొండ మీద అటువంటిది దొరకడం అదే మొదలు, అదే చివర. అది వేరే జాతి అని ఆమె తేల్చి చెబితే కొండను తొలిచే క్వారీ ఆగుతుంది. కాదంటే కొండతోపాటు దాని పాదాన ఉన్న బాబాయి ఇల్లూ పోతుంది.

బాబాయి ఈ శాలలోనే జీవితమంతా సీతాకోకచిలుకల రెక్కలు పరిచి సూదులు గుచ్చిన మనిషి. పదవీ విరమణ చేసినా రోజూ వచ్చి కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చుంటాడు. క్వారీలో పేలుడు జరిగినప్పుడల్లా అద్దాల పెట్టెలు సన్నగా గలగలమంటాయి. ఆయన విననట్టే ఉంటాడు.

రెక్కల ఈనెల్లోనూ, అంచుల పొలుసుల్లోనూ, మీసాల కొసల్లోనూ ఆమెకు తేడా దొరకలేదు. ఆశ అంతా పొట్ట మీదే మిగిలింది. జాతిని చివరికి తేల్చేవి పొట్ట కొసన ఉండే జననాంగాలే. కొండదాని పొట్ట చూపుకే కాస్త పొడవు, రంగు ముదురు.

"నే చెప్పలా అమ్మాయ్. మన కొండది మన కొండదే," అన్నాడు బాబాయి.

పొట్టను మెత్తపరచాలని ఆమె తడి కుంచె తాకించింది. ఎండిన పొట్ట ఊడితే పుటుక్కున విరిగే ఊడాలి. ఇది మెల్లగా జారి వచ్చింది. అంచున పసుపుపచ్చని జిగురు.

ఆమె పట్టకారుతో ఎత్తి చూపింది. బాబాయి కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. అసలు పొట్టను పురుగు తినేసిందనీ, బోసిగా ఉందని పాడైన మరొకదాని పొట్ట తెచ్చి తానే అంటించాననీ, ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారనీ నెమ్మదిగా చెప్పాడు. అది దేని పొట్టో గుర్తు లేదు.

"అయితే రెండూ ఒకటేనా?"

"వేరని చెప్పడానికి ఇంకేం మిగల్లేదు బాబాయ్."

"మళ్లీ అంటించేస్తేనో?"

అడిగిన బాబాయే నవ్వాడు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. తడి తగిలితే ఊడిపోయేది ఎందుకులే."

ఆమె నివేదిక రాయడానికి కూర్చుంది. బాబాయి ఆ పొట్టను అందుకుని, ఏ పెట్టెలో పెట్టాలో తెలియక, అరచేతిలోనే ఉంచుకుని కూర్చున్నాడు.