మిషను కింది నంబరు

ఆ ఊళ్ళో ఏ పాత కుట్టుమిషనునైనా వెనక్కి వాల్చి చూడండి, అడుగు చెక్కకి ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద నీలి సిరాతో, గుండ్రటి అక్షరాల్లో ఒక ఫోను నంబరు, దాని కింద ఒక చిన్న మాట. 'సూది వంగితే మార్చండి, మిషనుని తిట్టకండి' అని ఒకదాని మీద. 'చవక దారం వద్దు' అని ఇంకోదాని మీద. మిషను బాగుచేసింది మిషను మాస్టారు. చీటీ రాసింది ఆయన భార్య. ఆవిడ పోయి అయిదేళ్ళయింది. చీటీలు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

రోజుకి నాలుగైదు ఫోన్లన్నా వచ్చేవి.

"మాస్టారూ, దారం ఊరికూరికే తెగిపోతోందండీ."

"సూది ఎటు తిప్పి పెట్టావో ఒకసారి చూడమ్మా."

అవతల సూది విప్పి తిప్పిపెట్టిన చప్పుడు. తరవాత నాలిక కరుచుకున్న నవ్వు. సగం రోగాలు అలా ఫోనులోనే నయమయ్యేవి. మిగతా సగానికి ఆయన సంచీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఇంట్లో రెండో గొంతు లేని లోటు ఆ ఫోను కొంత తీర్చేది. ఆ సంగతి మాత్రం ఆయన ఎవరితోనూ అనలేదు.

ఈ మధ్య జనం మిషనుని వీడియోలో చూపించడం మొదలుపెట్టారు. చిక్కల్లా నెట్టుతోనే. కింది దారం చుట్టే బాబిన్ తెరమీదకి వచ్చే సమయానికి సరిగ్గా బొమ్మ బిగుసుకుపోయేది. ఫోనుకీ నెట్టుకీ పందొమ్మిదేళ్ళుగా ఒకే కంపెనీ, ఒకే నత్తనడక. కింది వాటాలో కొత్తగా దిగిన పళ్ళ డాక్టరేమో అదే కంపెనీ నుంచి రెండింతల వేగం సగం ధరకే తీసుకున్నాడు. మాస్టారు ఫోను చేసి అడిగాడు.

"ఆ ఆఫరు కొత్తవాళ్ళకి మాత్రమే సార్," అంది అవతలి అమ్మాయి.

"మరి పాతవాళ్ళకి?"

"మీ నమ్మకానికి మా ధన్యవాదాలు సార్."

మాస్టారికి కోపం రాలేదు. ఆ అమ్మాయి ఆ మాట రోజుకి ఎన్నిసార్లు చెప్పాలో పాపం అనుకున్నాడు. కోపం వచ్చింది కూతురికి. ఆమె బళ్ళో లెక్కల టీచరు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఆ సాయంత్రమే ఇంకో కంపెనీతో మాట్లాడేసింది.

"నంబరు మారకూడదమ్మా," అన్నాడాయన. "అదొక్కటే."

"మారదు నాన్నా. కొత్తవాళ్ళే పాతవాళ్ళ దగ్గర్నించి తెచ్చుకుంటారు. గురువారం పదింటికి ఫిట్టరొస్తాడు. నువ్వేం చెయ్యక్కర్లేదు. వింటున్నావా? ఏమీ చెయ్యక్కర్లేదు."

ఆయన విన్నాడు. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. పందొమ్మిదేళ్ళు ఒకళ్ళ దగ్గరుండి, మాటైనా చెప్పకుండా పక్కింటికి వెళ్ళిపోతే ఏం బావుంటుంది? పొద్దున్నే పాత కంపెనీకి ఫోను చేసి, మర్యాదగా, గురువారం సాయంత్రంతో మీ దగ్గర సెలవు తీసుకుంటున్నానని చెప్పాడు. ఆ అమ్మాయి రాసుకుంది. గురువారం లైను ఆపాలంటే నెట్టుకి పెట్టిన మోడెం పెట్టెని ముందుగా సోమవారంలోగా ఆఫీసులో ఇచ్చెయ్యమంది. ఆయన ఆమెకి కూడా ధన్యవాదాలు చెప్పి, మనసు తేలికపడి, ఫోను పెట్టేశాడు.

గురువారం పదింటికి ఫిట్టరొచ్చాడు. భారీ మనిషి, చెవి మీద పెన్సిలు, మోకాళ్ళకి మెత్తలు. గోడకి చిల్లు పెట్టి, వైరు లాగి, మోకాళ్ళ మీద పాకి పాకి దాన్ని మేకులతో అంచుకి అణిచాడు. రాలిన సున్నమంతా తనే చీపురు అడిగి ఊడ్చాడు. మాస్టారికి ఆ మనిషి అక్కడే నచ్చేశాడు.

"ఇక పాత నంబరు చెప్పండి మాస్టారూ, మార్పిడికి పెట్టేస్తాను."

"రాసుకో బాబూ. వాళ్ళకి కూడా ముందే చెప్పేశాలే, ఇవాళ సాయంత్రం లైను ఆపెయ్యమని."

పెన్సిలు ఆగిపోయింది. "ఆపెయ్యమన్నారా? ఎందుకండీ?"

"చెప్పకుండా వెళ్ళిపోతే బావుండదు కదా!"

ఫిట్టరు ఆయన మొహంలోకి జాలిగా చూశాడు. "అయ్యయ్యో! బతికున్న నంబరైతేనే మేం తెచ్చుకోగలం మాస్టారూ. లైను ఆగిందంటే నంబరు వాళ్ళ గంపలో పడుతుంది. కొన్నాళ్ళకి ఎవరికో ఇచ్చేస్తారు."

ఊరంతా వాలిపోయిన మిషన్లు, వాటి కింద గుండ్రటి అక్షరాలు మాస్టారి కళ్ళముందు తిరిగాయి. ఎవరో పరాయి మనిషి అన్నం ముందు కూర్చుని ఫోనెత్తుతాడు. 'బాబిన్ కదలట్లేదండీ' అంటుంది ఒకావిడ. 'రాంగ్ నంబర్' అని పెట్టేస్తాడు. ఆ తరవాత ఆ చీటీని నమ్మేవాళ్ళుండరు. మళ్ళీ రాయించడానికి భార్యా లేదు.

ఫిట్టరు గబగబా వెళ్ళి రిసీవరెత్తి మాస్టారి చెవి దగ్గర పెట్టాడు. గుర్‌ర్‌మని మోగుతోంది.

"ఇంకా ఊపిరుంది. ఆఫీసుకి పరిగెత్తండి!"

కూతురు బడి నుంచి సెలవు పెట్టి స్కూటరు మీద వచ్చింది. ఆమె బండి తీసేలోపు మాస్టారు మోడెం పెట్టెని గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. సోమవారమే ఇవ్వాల్సింది, ఇప్పటికే ఆలస్యమైంది.

"ఏమీ చెయ్యక్కర్లేదన్నానా లేదా?" దారిపొడుగునా సాధించింది కూతురు.

"అన్నావు."

"మరి?"

"చెయ్యలేదమ్మా. చెప్పానంతే."

కూతురు నవ్వాపుకోలేక స్కూటరు స్లో చేసింది.

ఆఫీసులో టోకెను అరవై నాలుగు. గోడ మీది బోర్డులో నలభై ఒకటి నడుస్తోంది. మాస్టారు సంచీని ఒళ్ళో పెట్టుకుని, ఆపరేషను గది బయట కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. వంతు వచ్చేసరికి మూడు దాటింది. కౌంటరులో కళ్ళజోడుకి గొలుసు వేలాడుతున్న పెద్దావిడ. మాస్టారు ముందు ఆలస్యానికి క్షమించమని, పెట్టెని బల్లమీదకి తోశాడు. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి స్కానరు మీదకి వెళ్ళింది.

"ఆగండి మేడమ్!" కూతురు అడ్డుపడింది. "ముందు మా మాట వినండి!"

విన్నది ఆవిడ. తెర మీద ఏదో నొక్కి, కళ్ళజోడు సర్దుకుంది.

"మీ ఫైలు కదల్లేదు సార్. మూసివేత ఆగిపోయి ఉంది. పెట్టె అందలేదని రాసుంది. దీన్ని నేను ఇప్పుడు స్కాన్ చేశానంటే మీ లైను ఈ నిమిషమే పోతుంది."

కూతురు పెట్టెని లాక్కుని గుండెకి హత్తుకుంది.

"సోమవారం ఎందుకివ్వలేదు సార్?"

"కరెంటు పిన్ను పెట్టే చోట వదులుగా ఉండేదండీ. లోపలంతా దుమ్ము. ఒక మరమేకు కూడా పోయింది, ఆ సైజుది దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఒకళ్ళ వస్తువు పాడైనదాన్ని పాడైనట్టే ఎలా ఇస్తాం చెప్పండి?"

ఆవిడ పెట్టె వంక చూసింది. కొత్తదానిలా మెరుస్తోంది. "నా సర్వీసులో వీటిని విరగ్గొట్టి తెచ్చినవాళ్ళనే చూశాను," అంటూ టకటకా నొక్కింది. "రద్దు చేశాను. మీ నంబరు బతికింది. అది కొత్తవాళ్ళకి వెళ్ళిపోయాక తీరిగ్గా పెట్టె తెచ్చివ్వండి." అంతలోనే తెరని చూసి పకపకా నవ్వింది. "ఇదిగో, ఇప్పుడు మీకు ఆఫరొచ్చింది సార్! రెండింతల వేగం, సగం ధర. ఉండిపోతారా?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు. "లేదమ్మా. ఆ ఫిట్టరు పొద్దున్నంతా మోకాళ్ళ మీద పాకాడు. సున్నం కూడా ఊడ్చాడు."

"అలాగే కానివ్వండి. అన్నట్టు మా ఇంట్లో ఒక మిషను మూలపడి ఉంది..."

"ఫోను చెయ్యండి. నంబరు..."

"నా ఎదురుగానే ఉందిగా సార్!"

మంగళవారం నంబరు చేతులు మారింది. పొద్దుటి నుంచీ పాత లైను మూగబోయింది, కొత్తది ఇంకా నోరు విప్పలేదు. మాస్టారు పది నిమిషాలకోసారి రిసీవరెత్తి పెడుతుంటే, కూతురు పరీక్ష పేపర్లు దిద్దుతూ ఓరకంట చూస్తోంది. నాలుగింటికి ఫోను మోగింది. రెండో గంట మోగేలోపే ఆయన ఎత్తాడు.

"మిషను మాస్టారేనా అండీ?" ఎవరో కొత్త గొంతు. "మా అత్తగారి మిషను గట్టిగా పట్టేసి తిరగట్లేదు. కింద చీటీ కనబడితే చేశాను. పదిహేనేళ్ళ కిందటి తేదీ ఉంది. ఈ నంబరు ఇంకా ఉంటుందనుకోలేదు సుమండీ."

"ఉందమ్మా." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చీటీ మీద ఇంకేం రాసుంది?"

"ఉండండి... 'నెలకోసారి నూనె వెయ్యండి. మరిచిపోతే దానికీ కోపమొస్తుంది.'"

"వేశారా?"

అవతల నాలిక కరుచుకున్న నవ్వు.

"అయితే ముందు ఆ చీటీ రాసినావిడ చెప్పినట్టు చెయ్యండమ్మా," అన్నాడు మాస్టారు, కుర్చీలో వెనక్కి వాలుతూ. "అప్పటికీ తిరగకపోతే నేనొస్తాను."